వీపులోంచి నాలుగు ఇనుప చేతులు వచ్చే విలన్: పిల్లలతో ఎలా గీయించాలి?

కూకట్‌పల్లి_బొమ్మలబడి

అందరికీ నమస్కారం. వేసవి సెలవుల్లో మా కాలనీ పిల్లలకు బొమ్మలు నేర్పుతున్నాను. 9 నుంచి 13 ఏళ్ల వాళ్లు. కామిక్స్ విలన్‌ని గీద్దాం అనగానే అందరిదీ ఒకటే పట్టు, వీపులోంచి నాలుగు ఇనుప చేతులు రావాల్సిందేనట. మొహం, కోటు, కళ్లద్దాలు బాగానే గీస్తున్నారు. చేతుల దగ్గరికి వచ్చేసరికి బొమ్మ చెడిపోతోంది. ఒక చెయ్యి బారెడు, ఇంకోటి మూరెడు. ఒకటి చంకలోంచి వస్తుంది, ఒకటి మెడలోంచి. అడ్డగీతలు గీసి రింగులు అంటారు గానీ గొట్టం గుండ్రంగా కనిపించదు, నిచ్చెనలా చదునుగా పడి ఉంటుంది.

ఏ3 కార్ట్రిడ్జ్ షీట్లు, హెచ్‌బి, 2బి పెన్సిళ్లు, నల్ల స్కెచ్ పెన్నులు ఉన్నాయి. క్లాసు గంటన్నర. ఏ వరసలో చేయించాలి, ఎక్కడ తప్పు పోతారు, కాస్త వివరంగా చెప్పగలరా? వీడియో లింకులు మాత్రం వద్దండీ, పిల్లలు వాటిని ఆపి ఆపి మక్కీకి మక్కీ దించేస్తున్నారు.

గీత_నీడ

ఇనుప చెయ్యి నమ్మేలా ఉండాలంటే మూడు సంగతులు తేలాలి: ఎక్కడ పుట్టింది, ఎక్కడ ఆనింది, మధ్యలో ఎటు తిరిగింది. బోల్టులు, వైర్లు, ఎర్ర లైట్లు ఆ తర్వాత. పిల్లలు దీన్ని సరిగ్గా తిరగేస్తారు, ముందు బోల్టులు గీసి తర్వాత చెయ్యి కోసం చోటు వెతుక్కుంటారు.

షీటు అడ్డంగా పెట్టించండి. మొదటి పావుగంట ఒళ్లు మాత్రమే, హెచ్‌బితో, నొక్కకుండా. మనిషి ఎత్తు 18 సెం.మీ., తల 3 సెం.మీ., అంటే ఆరు తలల మనిషి. మామూలు పెద్దమనిషికి ఏడున్నర తలలు, కామిక్స్ హీరోకి ఎనిమిది దాకా వెళ్తారు. ఈ వయసు వాళ్లకు ఆరు తలలైతే కొలవడం తేలిక, పైగా విలన్ పొట్టిగా ఉంటే చేతులు ఇంకా పొడవుగా కనిపిస్తాయి.

తర్వాత వీపు పలక. 3 సెం.మీ. వెడల్పు, 4 సెం.మీ. ఎత్తున్న ఒక దీర్ఘచతురస్రం, భుజాల కింద నుంచి నడుము దాకా. మనకు మొహం కనిపించే బొమ్మలో పలక ఒంటి వెనక దాక్కుంటుంది, అయినా ఒంటి మీదే పల్చగా గీయాలి, చివర్లో చెరిపేస్తాం. దాని నాలుగు మూలల్లో నాలుగు చుక్కలు. ప్రతి చెయ్యీ ఆ చుక్కలోంచే బయల్దేరాలి, మినహాయింపు లేదు. చంకలోంచి, మెడలోంచి వచ్చే జబ్బు దీంతో పోతుంది. నమ్మని పిల్లలుంటే దుర్గమ్మ విగ్రహం గానీ ఖైరతాబాద్ గణపతి ఫొటో గానీ చూపించండి. ఎన్ని చేతులున్నా భుజం వెనక ఒక్క చోటు నుంచే విచ్చుకుంటాయి. మొదలు మనకు కనపడదు, కానీ గీతలన్నీ అటే చూపిస్తాయి.

ఆరు చేతులు గీస్తామని ఎవరో ఒకరు మారాం చేస్తారు. 1963లో స్పైడర్‌మ్యాన్ కామిక్స్‌లో వచ్చిన విలన్ డాక్టర్ ఆక్టోపస్‌కు ఇనుప చేతులు నాలుగే, సొంత కాళ్లూ చేతులూ కలుపుకుంటే ఎనిమిది. లెక్క అక్కడ కుదురుతుంది. ఆరైతే ఏ3లో ఊపిరాడదు.

ఇప్పుడు పొడవు. పూలు కట్టే దారం 27 సెం.మీ. ముక్కలు, తలా నాలుగు. మనిషి ఎత్తుకు ఒకటిన్నర రెట్లు అన్నమాట. ఒక కొస చుక్క మీద వేలితో నొక్కి పెట్టి, మిగతా దారాన్ని కాగితం మీద వంపు తిప్పి, దాని వెంటే పెన్సిలు పోనివ్వాలి. వంపు ఎలా తిప్పినా పొడవు మారదు కాబట్టి బారెడు, మూరెడు గొడవ ఉండదు. మిషన్ కుట్టే దారం ఇవ్వకండి, సన్నగా ఉండి జారిపోతుంది. ఒక్కో చేతికి రెండు వంపులు చాలు. మూడోది వచ్చిందంటే చిక్కుముడి మొదలైనట్టే.

ఈ గీత చేతికి వెన్నెముక. దాని మీద 1.5 సెం.మీ.కు ఒకటి చొప్పున సున్నాలు గీయాలి. వీపు దగ్గర 2 సెం.మీ. వెడల్పు, పంజా దగ్గర 1 సెం.మీ., మధ్యలో క్రమంగా తగ్గాలి. 18 సున్నాలు వస్తాయి. వాటి అంచుల్ని కలుపుతూ రెండు పక్కలా గీతలు లాగితే గొట్టం తయారు. ముందే రెండు పక్క గీతలు గీసుకునే పిల్లలకు గొట్టం వంపు దగ్గర సన్నబడి, తర్వాత ఉబ్బుతుంది.

నిచ్చెన సమస్య అంతా రింగు పొట్ట ఎటు తిరగాలో తెలియక వచ్చేది. ఒక స్టీలు గ్లాసుకు నాలుగు రబ్బరు బ్యాండ్లు వేసి పిల్లల చేతికివ్వండి. గ్లాసు మూతి తమ వైపు వంచితే బ్యాండ్ల పొట్ట గ్లాసు అడుగు వైపు ఉబ్బి కనిపిస్తుంది. మూతిని అవతలికి వంచితే పొట్ట మూతి వైపు తిరుగుతుంది. కంటికి సరిగ్గా అడ్డంగా పట్టుకుంటే బ్యాండ్లు నిలువు గీతలైపోతాయి. మూతి చోట పంజాను ఊహించుకోమనండి: చెయ్యి మన వైపు వస్తుంటే రింగు పొట్ట విలన్ ఒంటి వైపు, దూరంగా పోతుంటే పంజా వైపు. ఒకే చెయ్యి ముందుకు వచ్చి మళ్లీ వెనక్కి తిరిగితే, తిరిగే చోట ఒకటి రెండు రింగులు తిన్నగా ఉండి తీరాలి. ఆ తిన్నటి రింగు లేకుండా పొట్ట ఉన్నట్టుండి తిరగబడితే గొట్టం విరిగినట్టుంటుంది.

ఇంకొకటి. వంపు లోపలి వైపు రింగులు దగ్గరగా, బయటి వైపు ఎడంగా ఉండాలి. బాత్‌రూములో హెల్త్ ఫాసెట్ స్టీలు పైపు వంచి చూస్తే ఇదంతా అక్కడే ఉంది.

రాణిగంజ్_పానా

గీత_నీడ గారు చెప్పింది మంచిగుంది గానీ, 9 ఏండ్ల పిల్లలకు రింగుల గొట్టం శానా కష్టం సార్. సగం మంది ఆడికే అలసిపోతరు. చిన్నోళ్లకు కీళ్ల చెయ్యి ఇయ్యుండ్రి, జేసీబీ అసొంటిది. మూడు తిన్నటి ముక్కలు, రెండు కీళ్లు, ఒక పంజా. గా 27 సెం.మీ.ల పంజాకు 3 తీసేస్తే 24 మిగిలింది. వీపు దిక్కు ముక్క 10, నడిమిది 8, ఆఖరుది 6. కీలు కాడ ఒక సున్నా, దాని నడుమ చిన్న సున్నా, గది పిన్ను. ఐపోయె.

మల్ల జేసీబీ సూసి గీసేటప్పుడు పిల్లలు పిస్టన్ కాడ ఆగమైతరు. హైడ్రాలిక్ సిలిండర్‌ల రెండు భాగాలుంటయ్: లావు గొట్టం, దాంట్లకెల్లి బయటికొచ్చే సన్నటి మెరిసే రాడ్డు. లావు గొట్టం సాగదు, వంగదు. రాడ్డే బయటికొస్తది, లోపలికి పోతది. లోపలికి పోయిన రాడ్డు గా గొట్టంలనే పట్టాలె కదా, గందుకే పూరాగ సాగినా మూసినప్పటి పొడవుకు రెట్టింపు గాదు. పిల్లలు మూడింతలు సాగదీస్తరు, గప్పుడది పిస్టన్ గాదు, రబ్బరు.

ఇంకో సంగతి. సిలిండర్ ఒక కొస కీలుకు ఇవతలి ముక్క మీద, ఇంకో కొస అవతలి ముక్క మీద ఉండాలె. రెండు కొసలు ఒకే ముక్కకు కొడితే గది దేన్నీ కదిలియ్యదు, ఊకె సోకుకు పెట్టినట్టు. మెషిన్ పని తెలిసినోళ్ల కన్ను ముందుగాల గాడికే పోతది.

పంజా: మూడు వేళ్లు పెట్టుండ్రి. గుండ్రటి అరచెయ్యి గీసి, గడియారంల 12, 4, 8 ఉన్న కాడ ఒక్కో వేలు. ఎదురుంగ సూస్తే మూడూ కనవడ్తయ్. పక్కకెల్లి సూస్తే రెండు పూరాగ, మూడోది ఎనక సగం దాక్కుంటది. పిల్లలు పక్కకెల్లి గీసినా మూడూ పరిచి పెడ్తరు, ఫోర్కు తీర్గ అయితది. ఒక్కో వేలికి రెండు ముక్కలు, నడుమ ఒక కీలు. పంజా తెరిస్తే విలన్ తలకాయంత ఉండాలె, 3 సెం.మీ. చిన్నగ గీస్తే భయం పుట్టదు.

కూకట్‌పల్లి_బొమ్మలబడి

చాలా ఉపయోగంగా ఉందండీ, ఇద్దరికీ థ్యాంక్స్. చిన్నవాళ్లకు కీళ్లు, పెద్దవాళ్లకు రింగులు అని రెండు జట్లు చేస్తాను. ఇంకో రెండు అడగాలి. పెద్ద పిల్లలు విలన్‌ని గాల్లోకి లేపాలంటున్నారు, అంటే రెండు చేతులు నేల మీద ఆని, మనిషి పైన వేలాడాలి. అలాగే ఒక చెయ్యి సరిగ్గా చూసేవాడి మొహం మీదికి వచ్చినట్టుండాలట. ఈ రెండూ ఎలా?

గీత_నీడ

వేలాడే మనిషి సంగతి ముందు. నిలబడ్డ మనిషిని గీసి అలాగే పైకి జరిపితే అతికించినట్టుంటుంది, ఎందుకంటే పాదాలు ఇంకా నేల మీద ఉన్నట్టే చదునుగా ఉంటాయి. గాల్లో ఉన్నవాడి పాదాల వేళ్లు నేల వైపు వాలతాయి, మోకాళ్లు కాస్త వంగుతాయి, కోటు అంచులు నిలువుగా కిందికి దిగుతాయి. బరువంతా వీపు పలక మోస్తోంది కాబట్టి ఛాతీ, తల కొంచెం ముందుకు తూలాలి.

నేల గీత షీటు అడుగు నుంచి 2 సెం.మీ. పైన పెట్టండి. పాదాలు నేల నుంచి 5 సెం.మీ. ఎత్తులో. 18 సెం.మీ. మనిషి అక్కడి నుంచి మొదలైతే తల పైన ఇంకా 4 సెం.మీ. పైగా ఖాళీ మిగులుతుంది. ఆనే చెయ్యి పలక కింది చుక్క నుంచి ముందు పైకి లేచి, అక్కడ మోకాలిలా మడత పడి, తర్వాత నేలకు దిగాలి. పలక నుంచి నేరుగా కిందికి దిగితే అది ఊతకర్ర, దానికి బలం ఉన్నట్టు కనిపించదు. పైకి 5, కిందికి 20 సుమారు, పక్కకు కాస్త జరిగినా 27 దారం సరిపోతుంది.

నిలకడ చూడ్డానికి బొడ్డు నుంచి నేలకు ఒక నిలువు గీత వేయించండి. ఆనిన రెండు పంజాలు ఆ గీతకు చెరో పక్కన ఉండాలి. రెండూ ఒకే పక్కన ఉంటే మనిషి పడిపోతాడు, పిల్లలకు కూడా ఎందుకో తెలియకుండానే ఇబ్బందిగా అనిపిస్తుంది. అలాగే గీస్తామంటే మూడో చెయ్యి ఏ మెట్రో పిల్లర్‌నో పట్టుకోవాలి. పిల్లర్‌కు చుట్టుకున్నప్పుడు ముందు కనిపించే పట్టీలన్నీ ఒకే వాలులో, ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. వెనక భాగం అస్సలు గీయకూడదు, పిల్లర్ అంచు దగ్గర మాయమై మళ్లీ అంచు దగ్గరే తేలాలి.

పంజా ఆనిన చోట గట్టి నలుపు నీడ, పంజా అంచుకు ఆనుకుని. నీడకు పంజాకు మధ్య తెల్ల సందు మిగిలితే గాల్లో తేలుతుంది. కావాలంటే నాలుగైదు పగుళ్లు వేయొచ్చు, అన్నీ పంజా నుంచి బయటికి పారేలా.

మొహం మీదికి వచ్చే చేతికి దారం పనికిరాదు, అందులో పొడవంతా లోతులోకి పోతుంది. దానికి గుండ్రటి వస్తువులు కావాలి: పెద్దవాళ్ల గాజు, చంటిపిల్లల గాజు, నీళ్ల సీసా మూత, పది రూపాయల బిళ్ల, రూపాయి బిళ్ల. పెద్ద గాజు ముందుగా, పంజా అరచేయి చోట. దాని వెనక చిన్న గాజు, సగం దాకా పెద్దదాని చాటున దాగేలా. అలాగే వరసగా తగ్గుతూ వీపు పలక దాకా. పెద్దదాన్ని పూర్తిగా గీసి, వెనకవాటిని కనిపించినంత మేరే గీయాలి. చిన్నదాని నుంచి మొదలుపెట్టిన పిల్లలు పెద్దది వచ్చేసరికి చోటు చాలక దాన్ని కుదించేస్తారు, అక్కడితో ముందుకొచ్చే భ్రమ పోతుంది. వేళ్ల కొసలు ఇంకా మన దగ్గరికి వస్తాయి కాబట్టి ఇంకా పెద్దవి. ఒక వేలు షీటు అంచు దాటి తెగిపోయినా నష్టం లేదు, బాగుంటుంది కూడా.

అన్నిటికన్నా ముందు, ఏ3 జోలికి పోకముందే, అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద డబ్బాలు నాలుగు గీసి, ఒక్కోదాంట్లో మొత్తం బొమ్మని నల్లటి మచ్చగా నింపి చూడమనండి. లోపలి గీతలు లేకుండా చేతులు విడిగా తెలిస్తే ఆ అమరిక పనికొస్తుంది. నాలుగు చేతులకూ నాలుగు పనులు ఇవ్వండి: ఒకటి ఆనాలి, ఒకటి పట్టుకోవాలి, ఒకటి బెదిరించాలి, ఒకటి వెనక చుట్టుకుని ఉండాలి. నాలుగూ గుణకారం గుర్తులా చాపి నిలబడితే విలన్ కాదు, యాంటెనా.

ఇంకు_మరక

పెన్సిలు దాకా అంతా బాగుంది, చాలా బొమ్మలు ఇంకు దగ్గరే చస్తాయి. మీ నల్ల స్కెచ్ పెన్నులు పక్కన పెట్టేయండి. అందులోది నీళ్లకు కరిగే సిరా, మీద రంగు పడగానే పారుతుంది. వాటర్‌ప్రూఫ్ పిగ్మెంట్ పెన్నులు మూడు సైజులు చాలు: 0.8 బయటి గీతకు, 0.5 లోపలి భాగాలకు, 0.2 రింగులకు. పెద్ద నలుపులకు ఒక బ్రష్ పెన్ను. అందరికీ కొనక్కర్లేదు, బల్లకు ఒక సెట్ పెట్టండి.

ముందు ఉన్న చెయ్యి ముందు. దాని గీత పూర్తయ్యాక వెనక చేతి గీతను దానికి ఒక మిల్లీమీటరు ఇవతలే ఆపేయాలి. ఆ సన్నటి తెల్ల సందే ముందూ వెనకా తేడా చెబుతుంది. రెండు గొట్టాలు దాటే చోట పిల్లలు పెన్సిలు గీతలన్నిటి మీదా ఇంకు పోనిస్తారు, తర్వాత ఏది పైనో ఎవరికీ తెలియదు. అందుకే ఇంకుకు ముందే, దాటే ప్రతి చోటా పై చేతి మీద పెన్సిలుతో చిన్న టిక్కు పెట్టించండి.

గీతలు ఒకదానికొకటి ముట్టుకుని ఆగడం ఇంకో జబ్బు. చేతి అంచు వెళ్లి చెవి అంచుకు సరిగ్గా తాకితే రెండూ కలిసిపోయి చదునవుతాయి. అర సెం.మీ. దూరం జరపాలి, లేదా ధైర్యంగా తల వెనక్కి పోనివ్వాలి.

లోహం మెరవాలంటే వేలితో రుద్దకూడదు. రుద్దితే మెత్తబడి గుడ్డలా అవుతుంది. వెలుగు ఎడమ పైనుంచి అనుకుంటే, గొట్టం పొడవునా వెలుగు అంచుకు కాస్త లోపల ఒక తెల్ల పట్టీ వదిలేయండి. దాన్ని ఆనుకునే చిక్కటి నలుపు పట్టీ, మధ్యలో బూడిద రంగు ఏమీ లేకుండా. ఆ తర్వాత అడ్డగీతల నీడ, చివర నీడ అంచు దగ్గర మళ్లీ సన్నటి తెలుపు. తెలుపు పక్కనే నలుపు, అదే మెరుపు. ఈ పట్టీలు వంపు వెంట తిరగాలి, రింగు దగ్గర కొద్దిగా తెగి మళ్లీ మొదలవ్వాలి. రింగు గీతను తెల్ల పట్టీ మీద గీయకుండా వదిలేస్తే ఇంకా మంచిది.

ఇంకు ఆరడానికి పది నిమిషాలు ఆగి రబ్బరు వాడాలి. ఎండాకాలం అరచేతులు చెమట పడతాయి, చేతి కింద ఒక తెల్ల కాగితం పెట్టుకోమనండి. ఎడమచేతి వాటం పిల్లలు కుడి పక్క నుంచి ఇంకు మొదలుపెట్టాలి, లేకపోతే తడి గీత మీదే చెయ్యి పోతుంది.

కత్తెర_జిగురు

రింగులు ఇంకా అర్థం కాని పిల్లలకు ఒక నమూనా చేసి ఇవ్వండి. కాగితం స్ట్రాలు (ప్లాస్టిక్‌వి 2022 జులై నుంచి నిషేధం) ఒక సెం.మీ. ముక్కలుగా కత్తిరించండి. కత్తెర పడగానే ముక్క చదునవుతుంది, వేళ్ల మధ్య దొర్లిస్తే మళ్లీ గుండ్రమవుతుంది. అడుగు పొడవు మెత్తటి అల్యూమినియం తీగకు 20 నుంచి 25 ముక్కలు గుచ్చి, తీగ రెండు కొసలూ ముక్కలు జారిపోనంత ఉండగా మడిచేయండి, కళ్లకు గుచ్చుకోకుండా. ముక్కల్ని మరీ బిగించొద్దు, వేలి మందం ఖాళీ ఉంటేనే వంగుతుంది. వంచితే లోపలి వైపు ముక్కలు ఒరుసుకుంటాయి, బయటి వైపు సందులు తెరుచుకుంటాయి. ఆ సందుల్లోంచి తీగ కనిపిస్తుంది చూడండి, 12, 13 ఏళ్ల వాళ్లు అక్కడ వైర్లు గీయొచ్చు. కిటికీ పక్కన పెడితే నీడలకు కూడా పనికొస్తుంది.

కూకట్‌పల్లి_బొమ్మలబడి

చివర్లో అందరి బొమ్మలూ ఏ4కి తగ్గించి జిరాక్స్ తీసి, పుస్తకంలా కుట్టి పంచుదామనుకుంటున్నాం. దానికేమైనా జాగ్రత్తలు ఉన్నాయా?

ఇంకు_మరక

ఉన్నాయి. ఏ3 నుంచి ఏ4కి అంటే 71 శాతానికి తగ్గుతుంది. 0.2 గీత 0.14 అవుతుంది, పాత మెషినైతే అక్కడక్కడా ఎగిరిపోతుంది. జిరాక్స్ ఖాయమైతే రింగులకు 0.3 వాడండి, నీడ అడ్డగీతల మధ్య కనీసం ఒకటిన్నర మిల్లీమీటరు సందు ఉంచండి, లేదంటే ముద్దగా నల్లబడతాయి. పెన్సిలు గీతలు పూర్తిగా చెరపాలి, జిరాక్స్‌లో అవి మరకలుగా తేలతాయి. కుట్టే పక్కన 2 సెం.మీ. ఖాళీ ఏ4లో కావాలి, అంటే ఏ3 మీద దాదాపు 3 వదలాలి. షీటు అడ్డంగా వాడుతున్నారు కాబట్టి ఎడమ పక్క పొట్టి అంచున ఇప్పుడే పెన్సిలు గీత కొట్టించండి, ఏ పంజా అయినా దాన్ని దాటితే కుట్టులోకి పోతుంది.

రాణిగంజ్_పానా

షాపాయనకు ఫొటో మోడ్ పెట్టమని చెప్పుండ్రి సార్. టెక్స్ట్ మోడ్‌ల తీస్తే బూడిద రంగులన్నీ పోతయ్. ఒక్కటి తీపిచ్చి సూసినంకనే మిగిలినయ్ తీపియ్యుండ్రి.